మూడు దినముల సెలవు

ఆషాఢమేఘములు సముద్రముమీదనే కురిసి ఊరిని వెక్కిరించి పోవుచుండగా ఉప్పుగాలి యింటింటి గోడల సున్నమును పొరలుపొరలుగా రాల్చుచున్న యొకానొక ప్రాతఃకాలమున భీమునిపట్టణమందలి బ్రాహ్మణవీధిలో తూర్పుముఖమై యున్న వకీలు పురుషోత్తమరావుగారి యింట అప్పటికే రెండు పొయ్యిలు రాజుకొని యుండెను. అరుణోదయమును చూచి పద్మములు వికసించునని కవులు చెప్పుదురు. ఆ యింట అరుణోదయమును చూచి వికసించునది వకీలుగారి తల్లి పేరిందేవమ్మగారి కంఠ మొక్కటియే. ఆ కంఠము వికసించిన క్షణము మొదలు వీధితలుపు గడియ పడువరకును కోడలి పేరు ఆ యింట నెన్నిమారు లుచ్చరింపబడునో గమనించినచో దేవుని పేరు మిక్కిలి వెనుకబడును.

ఆ కోడలు భాస్కరమ్మ. ఇరువదియెనిమిదేండ్ల వయస్సును మాటకు మాట చెప్పగల నాలుకయు చెప్పక మ్రింగుటకు అలవాటుపడిన గొంతుకయు గలది. బడిపంతులైన తండ్రి మగసంతానము లేని కొరతచే ఆమెకు కావ్యములు చెప్పి పిదప పెండ్లిచేసి పంపెను. గుఱ్ఱమునకు పరుగు నేర్పి గానుగకు కట్టుట యనగా నిదియే. నాలుగేండ్ల క్రిందట ఆమె యొక నవల నారంభించెను. అందు కనకాంగి యను ఓడసరంగు భార్య రంగూను పోయి రాని మగనికై యేడ్చుచు కూర్చుండక తానే వెదకబోవుటకు ఓడ యెక్కుచున్నది. ఎక్కుచున్నది మాత్రమే. ఓడకు వేసిన పలకమీద నొక పాదము మోపి రెండవ పాదము గాలిలో నెత్తిన నాటినుండి ఏడాదిన్నర గడచినను పాప మా యిల్లాలికి ఆ పాదము దించు నవకాశము దొరకలేదు. ఏలన ఆమెను సృజించిన దాని చేతిలో పప్పుగుత్తి యుండెను.

స్నానముచేసి మడి కట్టుకొన్నది మొదలు అందఱి భోజనములు ముగియువరకు కోడలు కాగితము ముట్టరాదు. ముట్టెనేని మడి చెడును, చెడెనేని మరల నూతినీళ్లు నెత్తిమీద గ్రుమ్మరించుకొనవలెను. భోజనములైన పిమ్మట అప్పడముల పిండి, అది యైన పిమ్మట దీపారాధనకు వత్తులు, అవి యైన పిమ్మట అత్తగారి మోకాళ్లు. ఇన్నియు దాటి కలము సిరాలో ముంచెనా "అమ్మాయీ, ఊరికే కూచున్నావా?" అను పిలుపు వచ్చును. ఆ యింటివారి దృష్టిలో వ్రాయుట యనగా ఊరక కూర్చుండుటయే. నిద్రించువారిని లేపుటకు సందేహించు మర్యాదస్థులు సయితము వ్రాయుచున్న యాడుదానిని లేపుటకు సందేహింపరు.

నెలకు మూడు దినములు మాత్రము ఈ శాసనము లన్నియు తలక్రిందులగును. పెరటిలో నూతి కావల తాటియాకు కప్పిన చిన్నగది కలదు. ఇంటి యాడువారు దూరముండు దినములలో ఆ గదియే వారికి లోకము. చాప యొకటి, చెంబొకటి, దూరమునుండి విస్తరిలో పడవేయు అన్నము. ఎవ్వరును తాకరు, దరికి రారు, పని చెప్పరు. ఇతరుల వలెనే భాస్కరమ్మయు ఎన్నో యేండ్లు ఆ దినములను తిట్టుకొనుచు గడిపెను. పిమ్మట నొకనాడు ప్రొద్దుటినుండి మధ్యాహ్నమువరకు తన్నెవ్వరును పేరుపెట్టి పిలువలేదని గ్రహించి నివ్వెఱపోయెను. మఱునెల కొంగుచాటున కాగితములును కొబ్బరిచిప్పలో సిరాయు గదికి చేరెను. కనకాంగి రెండవ పాదము ఓడలో పడెను. అది మొదలు నెలకు రెండు ప్రకరణములు తప్పక సాగెను. లోకము మైల యని వెలివేసిన దినములలోనే సరస్వతి ఆమెను దరిజేరెను. దేవతకు లేని యభ్యంతరము మనుష్యుల కేల కలిగెనో శాస్త్రజ్ఞులే చెప్పవలెను.

ఇట్లుండగా రాజమహేంద్రవరమునుండి వెలువడు నొక మాసపత్రికవారు స్త్రీలు రచించిన నవలలలో మేలైనదానిని పుస్తకముగా నచ్చువేయింతుమని ప్రకటించిరి. పురుషోత్తమరావుగారు సంస్కారాభిమాని, సభలో స్త్రీవిద్యను గూర్చి గంటసేపు ఉపన్యసించి యింటికి వచ్చి కాళ్లకు నీళ్లు పెట్టలేదని కసరుకొనువారు. "కూరలో ఉప్పు తప్పనంతవరకూ నాకేం అభ్యంతరం లేదు" అని భార్యకు సెలవిచ్చి ముగిసిన పదునెనిమిది ప్రకరణములను గుమాస్తాచేత పంపించిరి. పత్రికవారు చదివి మెచ్చిరి. మిగిలిన నాలుగు ప్రకరణములును విజయదశమి లోపల చేరినగాని గ్రంథము పరిశీలింపబడదని జాబు వ్రాసిరి. ఆషాఢమున రెండు, శ్రావణమున రెండు వ్రాసినచో కథ గట్టెక్కునని భాస్కరమ్మ ధైర్యము తెచ్చుకొనెను. ఆషాఢపూర్ణిమనాడు భర్త హైకోర్టు అపీలు పనిమీద గుమాస్తాను వెంటబెట్టుకొని చెన్నపట్టణము వెళ్లెను.

ఆషాఢబహుళ ద్వాదశి వచ్చెను గాని రావలసినది రాలేదు. త్రయోదశియు పోయెను, చతుర్దశియు పోయెను. పెండ్లియై పండ్రెండేండ్లుగా ఏ కడుపుపంటకై అత్తగారు పుట్టలో పాలు పోయించి, పొర్లుదండములు పెట్టించి, కనబడిన సాధువునెల్ల అడిగెనో అది ఫలించెనేమో యని ఆమెకు తోచెను. సంతోషము కలుగలేదనుట అబద్ధము, కలిగెను. కాని ఆ సంతోషమును త్రోసికొని రెండవ తలంపు వచ్చెను. మూడు దినములు పోయినవి. ఈ నెలకు మాత్రమే కాదు, పురిటివరకును, ఆపైన బిడ్డకు పాలిచ్చు నన్నాళ్లును. నడిసముద్రమున ఓడలో కనకాంగి యుండెను, విజయదశమి వచ్చుచుండెను. అమావాస్యనాటి యుదయమున భాస్కరమ్మ నూతికడ నిలిచి "నేను దూరమండీ అత్తగారూ" అని చెప్పి పోయి గదిలో కూర్చుండెను. మైల దాచి శుద్ధ నని బొంకిన స్త్రీలు లోకమున కలరు. శుద్ధయై యుండి మైల యని బొంకినది యీమె మొదటిది కాబోలు.

శ్రావణబహుళమునను అట్లే బొంకెను. ఆ మూడవనాటి మధ్యాహ్నమున కనకాంగి రంగూను రేవున దిగెను. మగడు కనబడెను, అతనికి వేఱొక సంసారమును కనబడెను. ఆమె యతనిని బ్రతిమాలలేదు, తిరుగుటోడయు ఎక్కలేదు. ఆ రేవునందే పూటకూళ్ల యిల్లు పెట్టి వచ్చిపోవు తెలుగువారికి అన్నము పెట్టుచు కాలుమీద కాలు వేసికొని బ్రతికెను. భాస్కరమ్మ కలము క్రిందపెట్టి ఆ నాలుగు ప్రకరణములను చీరపేలికతో కట్టెను. కట్టెనే గాని పంపుట కుపాయము లేదు. ఆ యింటి యాడువారు తపాలాకచేరి గుమ్మము తొక్కరు, గుమాస్తా చెన్నపట్టణమున నుండెను. భర్త రాకకై వేచియుండుట తప్ప గతి లేకపోయెను.

భాద్రపదమున వేవిళ్లు బయలుపడెను. అత్తగారు ఆనందమున తిథులు మఱచి వీధివీధియు శుభవార్త చాటెను. మహాలయ అమావాస్యకు భర్త తిరిగివచ్చెను. దేవీనవరాత్రులలో తదియనాడు పేరిందేవమ్మగారు ముత్తైదువులను పేరంటమునకు పిలిచెను. ఆనాటి తపాలాలో కట్ట పడనిచో విజయదశమికి చేరదని భాస్కరమ్మ యెఱుగును. భర్తను అడుగ నవకాశమునకై అతడు వచ్చిననాటినుండి కనిపెట్టుకొని యుండెను. ఇంతలో పొరుగింటి సోమిదమ్మగారు పసుపు రాయించుకొనుచు వ్రేళ్లు మడవ నారంభించెను. పరుల కడుపులోని నెలలు లెక్కించుటలో ఆమెకు గల శ్రద్ధ తన పాపములు లెక్కించుటలో నున్నచో ఏనాడో మోక్షము కలిగి యుండును.

"శ్రావణబహుళంలో అమ్మాయి దూరం ఉంది కదండీ పేరిందేవమ్మగారూ. మా గోడమీంచి నేనే చూశాను. అబ్బాయి ఆషాఢంలో వెళ్ళి మొన్న అమావాస్యకి గదా వచ్చాడు. మరి వేవిళ్ళు ఎప్పటినించీ?"

"భాద్రప..." అని అత్తగారు నోరు మూసికొనెను. పేరంటాండ్రందఱును మనసులో లెక్క వేసికొని ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. సావడిలో దస్తావేజులు చూచుచున్న పురుషోత్తమరావుగారు తలయెత్తి భార్యవంక చూచి అడుగవలసిన ప్రశ్న అడుగక మరల తల దించుకొనెను. సాక్షిని విచారింపక శిక్షించుట ఏ న్యాయస్థానమునను చెల్లదు, ఇంట చెల్లును.

"దూరం కూర్చున్న మాట నిజమే" అని భాస్కరమ్మ పలికెను. "కాని మైల లేదు. ఆషాఢంలోనే నెల తప్పింది. నవల ముగించుకోవాలని రెండు నెలలూ అబద్ధం చెప్పి కూర్చున్నాను."

సోమిదమ్మగారు పకపక నవ్వెను. "ఎంత విడ్డూరం! లేని మైల తెచ్చుకుని పెరట్లో పడి ఎవరైనా విస్తట్లో కూడు తింటారుటమ్మా? అదీ కాగితాలు రాసుకోడానికా?"

తన శీలమును శంకించిన మాటకంటె ఈ మాట భాస్కరమ్మ నెక్కువ నొప్పించెను. జారత్వమును ఆ స్త్రీలు సులభముగా నమ్మగలరు. కథ వ్రాసికొనుటకు మూడు దినముల నిశ్శబ్దము కావలసిన స్త్రీ యొకతె యుండునని మాత్రము నమ్మలేరు. ఆమెకు వారందఱిపైనను ఒడలు మండునంత కోపము వచ్చెను.

"ఆ పాడు కాగితాలే నా కొంప ముంచాయి!" అని అత్తగారు తల బాదుకొనెను. "చాకలి పోలిని పిలవండి. తీసుకుపోయి సముద్రంలో పారేస్తుంది."

"మీరు మడితో ఉన్నారు, ముట్టుకోకండి. అవి మైల కాగితాలు" అని సోమిదమ్మగారు హెచ్చరించెను.

ఆ హెచ్చరిక వినగానే భాస్కరమ్మ లోనికి పోయి కట్ట తెచ్చి పసుపుకుంకుమల పళ్లెరముల నడుమ అత్తగారి యెదుట పెట్టెను. "ఇవి ఆషాఢ శ్రావణాల్లో ఆ గదిలో రాసినవి. మైలవో కావో మీరే చెప్పండి. మైలవైతే నేను నిజంగా దూరం ఉన్నట్టే. అప్పుడు నా కడుపులోది మీ వంశం కాదు. పోలిని పిలిచి కాగితాల్నీ నన్నూ కలిపే సముద్రంలో వేయించండి. మైల కావంటారా, వీళ్ళందరూ చూస్తుండగా మీ చేత్తో తియ్యండి. తీసి ఈవాళ తపాలాలో వేయించండి."

నలువదియేండ్లుగా పరుల నీడ తగిలినను స్నానము చేసిన ఆ మడిమనిషి కట్టను చూచెను, కోడలి కడుపును చూచెను, సోమిదమ్మగారి మొగమున పొంగుచున్న సంతోషమును చూచెను. కాగితములపై ఆమెకు దయ కలుగలేదు, కోడలిపైనను కలుగలేదు. కాని పండ్రెండేండ్లు మ్రొక్కిన మనుమని పొరుగింటిదాని నోటికి అప్పగించుటకు మనసొప్పలేదు. ఆమె వంగి రెండుచేతులతో కట్ట నెత్తి మడిచీరకు ఆనించి పట్టుకొనెను.

"మైల కాదు" అని వీధికి వినబడునట్లు పలికెను. "నా కోడలు కథ రాసుకుంది. రాసుకుంటే మీకేం? మా గోడమీంచి తొంగి చూడ్డం మాని తాంబూలం తీసుకోండి సోమిదమ్మగారూ. ఒరే పురుషోత్తం, చూస్తావేం? పట్టుకెళ్ళు!"

వకీలుగారు ఉత్తరీయమైనను సవరించుకొనక ఆ కట్టను పుచ్చుకొని తపాలాకచేరికి పరువిడెను. తన పరువే మూటగట్టి పంపుచున్నట్లు ఆయన తొందరపడెను గాని అందులో ఏమి వ్రాసియున్నదో అడుగలేదు, తరువాత నెన్నడును అడుగలేదు. కట్ట గడువులోగా చేరెను. కాలక్రమమున కనకాంగి కథ పుస్తకమై వెలువడెను. దాని మంచిచెడ్డలు చదివినవారు చెప్పుదురు.

పేరంటాండ్రు పోయిన పిదప భాస్కరమ్మ పెరటిలోనికి వచ్చి గెలిచితినని మొదటిమారు గట్టిగా ఊపిరి పీల్చెను. మఱియొక కథ అప్పుడే ఆమె మనసున మెదల నారంభించెను. అత్తగారు ఆ గదిలోని చాపను ఈడ్చి పాఱవేయించి గది నిండ కట్టెలు పేర్పించుచుండెను. "ఇంక దీంతో పనేముంది? పురిటికి వేణ్ణీళ్ళు కావద్దూ" అని నవ్వెను, ఆ నవ్వులో కపటము లేదు, నిజమైన ప్రేమయే కలదు. భాస్కరమ్మ ఆ కట్టెలవంక చూచుచు నిలిచి కన్నీరు పెట్టుకొనెను. అవి యానందబాష్పములని అత్తగారు కొంగుతో తుడిచెను. పదిమంది యెదుట ఆమె నిష్కళంక యని తీర్పయ్యెను. ఇక నెలలతరబడి ఆమె శుద్ధురాలు. ఎవరైనను తాకవచ్చును, ఎవరైనను పిలువవచ్చును, ఎవరైనను పని చెప్పవచ్చును. అంతటి పావిత్ర్యము పగవారికైనను వలదు.