మేడ దిగిన ట్రంకుపెట్టె

నేను ఒక ట్రంకుపెట్టెను. నల్లగా ఉంటాను, మూత తీస్తే కిర్రుమంటాను, పొట్ట మీద తెల్లరంగుతో 'హవల్దార్ కలిశెట్టి అసిరయ్య' అన్న పేరు మోస్తాను. విజయనగరంలో ఒక రేకుల కొట్లో పుట్టాను. నన్ను చేసిన మేస్త్రి సుత్తి ఎంత గట్టిగా వేశాడంటే, ఆ మోతకు పక్కవీధి పెళ్లిలో బాజాలవాళ్లు దరువు తప్పారు. పెళ్లికొడుకు కంగారులో మూడు ముళ్లకు బదులు ఐదు వేశాడని చెప్పుకుంటారు.

సైన్యంలో చేరే రోజున అసిరయ్య నన్ను నెత్తిన పెట్టుకుని రైలెక్కాడు. ఇక చూడండి నా వైభోగం. ఎడారిలో నా మూత మీద అప్పడాలు కాల్చారు. ఒక కంచరగాడిద నన్ను తన్ని, వారం రోజులు కుంటింది. మంచుకొండ మీద జీపు మొరాయిస్తే అసిరయ్య టీ గ్లాసు చేత్తో పట్టుకుని నా మీద కూర్చుని లోయలోకి జారాడు. కిందికి చేరాక చూస్తే టీ ఒలకలేదు సరికదా, ఇంకా పొగలు కక్కుతోంది. నమ్మనివాళ్లు నా అడుగున గీతలు చూసుకోవచ్చు.

ఇన్ని వింతలు చూసిన నాకు అసిరయ్య భోజనమే అన్నిటికన్నా పెద్ద వింత. తన కింద సిపాయిలందరూ తినేదాకా హవల్దారు పళ్లెం ముట్టడు. అది అక్కడి కట్టుబాటు. ఉద్యోగం అయిపోయి పట్నంలో కాపురం పెట్టినా ఆ అలవాటు పోలేదు. ఇంటావిడ పోలమ్మదేమో పుట్టింటి పద్ధతి, మగాడు తినకుండా ముద్ద ముట్టదు. ఆయన ఆవిడకోసం, ఆవిడ ఆయనకోసం కాచుకుని కూర్చునేవారు. ఆ ఇంట్లో వేడన్నం రుచి తెలిసింది పిల్లికే.

వాళ్లుండేది మేడ మీద ఒక అద్దె గది. దానికి గుండ్రంగా తిరిగే ఇనపమెట్లు. పోలమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. దిగాలంటే మెట్టు మెట్టుకీ కూర్చుని జరగాలి. చివరికి దిగడమే మానేసింది. వీధిలో గాజులవాడు వస్తే పైనుంచే చెయ్యి చాపేది, అతను కిందనుంచే సైజు ఊహించేవాడు.

అంతలో సర్కారువారు పట్నం చివర తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించారు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకు తొలి పిలుపు, వాళ్లు నచ్చింది ఏరుకున్నాకే మిగతా జనానికి. పోలమ్మ ముఖం వెలిగింది. ఆమె అడిగేది ఒక్కటే, నేలమీద ఇల్లు. అవి కొన్నే ఉన్నాయి.

ఇళ్లిచ్చే రోజున నన్నూ ఆటోలో వేశారు. కాగితాలు నాలో ఉంటేనే కాగితాలని అసిరయ్య నమ్మకం. అంతకుముందే పోలమ్మను ఇరుగుపొరుగు నలుగురు కలిసి మేడ దింపారు. అక్కడికి చేరాక షామియానా కింద ఆవిడ నా మీదే కూర్చుంది. ఆఫీసరమ్మ బల్ల పక్కన ఒక చెక్కకు తాళంచెవులు వేలాడుతున్నాయి. కిందిళ్ల చెవులకు ఎర్ర రిబ్బను.

మాజీ సైనికులు ముందుకు రావాలని మైకులో పిలిచారు. ఆ జనంలో ఉన్న మాజీ సైనికుడు అసిరయ్య ఒక్కడే. చిత్తం అన్నాడు, చొక్కా సర్దుకున్నాడు, నేరుగా వెళ్లి వరస చివర నిలబడ్డాడు.

వినబడలేదేమోనని ఆఫీసరమ్మ మళ్లీ పిలిచింది.

"అందరివీ అవనీండమ్మా. హవల్దారు ఆకర్న," అన్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వరస వంకరగా ఉండడం ఆయన కంటికి నచ్చలేదు. మనిషికీ మనిషికీ చెయ్యంత దూరం పెట్టించాడు. కిళ్లీకొట్టు గవరయ్య చేత పొట్ట లోపలికి లాగించాడు. ఏ కాలు ముందో నేర్పాడు. కాసేపటికి జనం కవాతు చేస్తూ వెళ్లి తాళంచెవులు తీసుకుంటున్నారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ముందుకు తోసుకోవద్దని పోలీసు చెబితే వినరు, గట్టిగా లెఫ్ట్ రైట్ అంటే చాలు.

ఎర్ర రిబ్బన్లు తరిగిపోతున్నాయి. నా లోపల కాగితాలు గజగజలాడాయి. ఒక్క రిబ్బను మిగిలింది.

అప్పుడు పోలమ్మ నా మూత మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"హవల్దారు గారూ," అంది. మొగుణ్ణి ఆవిడ అలా పిలవడం నేనెన్నడూ వినలేదు. "నీ సిపాయిలందరూ తిన్నారేటి?"

"తింటన్నారు."

"నాను తిన్నేదు. వానలకి ముందు ఈదిలో అడుగెట్టాను, మళ్లీ ఇయ్యాలే. నీ నెక్కలో నాను సిపాయిని కానేటి?"

అసిరయ్య మీసం ఒక పక్కకు వాలిపోయింది. తన సిపాయి ఆకలితో ఉండగా ఊరందరికీ వడ్డించిన హవల్దారు ఏ పటాలంలోనూ ఉండడు. మడమలు టప్పున చరిచి, "ఏక్ కదమ్ పీఛే!" అని కేక వేశాడు. వరసంతా ఒక్కుమ్మడిగా ఒక అడుగు వెనక్కి వేసింది. వరసలో లేని ఆఫీసరమ్మ కూడా కుర్చీతో సహా జరిగింది.

అసిరయ్య నా ఒక పిడి పట్టుకున్నాడు, పొట్ట వదిలేసి గవరయ్య రెండోది పట్టుకున్నాడు. పోలమ్మను అలాగే కూర్చోబెట్టి బల్ల దాకా మోశారు. బరువు నాకు తెలియలేదు. ఆ కాసేపు నేను పల్లకీని. వరసలో ముందున్న దర్జీ పిల్లాడు పక్కకు తప్పుకుని, "మీరు తీసుకోండి మామ్మా, పైన గాలి బాగొస్తాది," అన్నాడు. ఎర్ర రిబ్బను పోలమ్మ వేలికి చుట్టుకుంది.

కొత్తింట్లో బల్ల లేదు. తొలిరోజు నా మూతే బల్ల. పొగలు కక్కే అన్నం, ఒక్క పళ్లెం, అటు ఆయన, ఇటు ఆవిడ. ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లి ఆశగా వచ్చి కూర్చుంది.

ఈసారి అన్నం చల్లారలేదు. ఎవరి చెయ్యి ముందు పడిందో నేను కళ్లారా చూశాను. అడక్కండి, చెప్పను. అది సైనిక రహస్యం.