స్టార్టర్‌లో వేపపుల్ల

మా ఆయన ఎర్రప్ప చెవి మీద ఎప్పుడూ ఒక వేపపుల్ల ఉంటుంది. పళ్లు తోముకోవడానికి కాదు, మా బోరు స్టార్టర్ పెట్టె నోరు మూయించడానికి. బోరులో నీళ్లు అడుగంటితే ఆ పెట్టె మోటారును తనంతట తానే ఆపేస్తుంది. పోయిన వేసవిలో మోటారు కాలిపోయాక నేనే పోరుపెట్టి దాన్ని బిగింపించాను. ఈ ఎండలకు అది మాటిమాటికీ మోటారును ఆపేస్తోంది. ఈయన మూత తీసి, లోపల కరెంటు కలిపే దిమ్మెను పుల్లతో అదిమిపెడతాడు. అంతే, పెట్టె మాట చెల్లదు. మా ఊళ్లో మగవాళ్లందరికీ వచ్చిన విద్యే ఇది.

"ఇంగోతూరి మోటారు కాలితే చీనీ చెట్లన్నీ పొయ్యిలోకే," అన్నాను.

"నీళ్లుండాయి లేమ్మే. ఆ పెట్టెకు బయమెక్కువ, నీ మాదిరి," అని పుల్ల ఇరికించి, పార భుజాన వేసుకుని కింది వరసల బత్తాయి చెట్లకు పోయాడు.

మధ్యాహ్నం నేను సంగటి ముంత తీసుకొచ్చేసరికి పైపు దగ్గుతోంది. కాసిని నీళ్లు, బుస్సున గాలి. చూస్తుండగానే ఉత్త గాలే మిగిలింది. దూరంగా కాలువలో పాత నీళ్లు ఇంకా పారుతున్నాయి కాబట్టి ఈయనకు తెలియదు. పైపు మీద చెయ్యి వేశాను. ఎప్పుడూ చల్లగా ఉండే పైపు గోరువెచ్చగా ఉంది. లోపల మోటారును చల్లబరిచేవి ఆ నీళ్లే. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్లు మూసుకుని మెయిన్ పిడిని కిందికి లాగాను. పైపు వణుకు ఆగింది.

ఆ నిశ్శబ్దం విని పక్క చేను సుంకన్న గట్టు దాటి వచ్చాడు. మోటారు పోయిందంటే మా దగ్గర చావింటికి వచ్చినట్టే వస్తారు.

"పాయనా, వదినా?"

"తెలీదప్పా."

"మీ ఆయన పుల్లలకే మా వేపచెట్టు బోడైపాయె," అన్నాడు గానీ నవ్వలేదు. బోరు కేసింగు గొట్టానికి చెవి ఆనించాడు. "నీళ్లు ఊరనీ. ఇప్పుడే ఎయ్యాకండి."

కాలువ ఎండిపోయిందని ఈయన పరుగెత్తుకొచ్చాడు. కిందికి దించిన పిడిని చూశాడు, నా మొహం చూశాడు. పెట్టెలోంచి పుల్ల ఊడబీకాడు. దాని కొన నల్లగా మాడింది.

ముగ్గురం షెడ్డు నీడలో కూర్చున్నాం. ముంతలో సంగటి గట్టిపడింది. సుంకన్న మళ్లీ చెవి ఆనించి తల ఊపాక ఈయన లేచి, పిడి పైకెత్తి, పచ్చ మీట దాకా చెయ్యి తీసుకెళ్లి ఆగిపోయాడు.

"నువ్వు నొక్కుమ్మే."

"నావల్ల కాదు. కాలిపోయింటే నా చేత్తో తెలుసుకోలేను."

ఆయన నొక్కాడు. సన్నగా మూలిగింది. ఏమీ రాలేదు. పైపు వణికింది, గాలి తన్నింది, ఎర్రటి బురద కక్కింది, దాని వెనకే నీళ్లు వచ్చాయి. సుంకన్న దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు. ఈయన ఉన్నచోటనే కూలబడ్డాడు.

నీళ్లు పై వరసల పాదులు నింపాయి. కింది వరసల వైపు మళ్లాయో లేదో, పెట్టె టక్కుమని మోటారును ఆపేసింది.

ఈయన చెయ్యి పుల్ల కోసం చెవి మీదికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆ కింది వరసలు ఆయన తన చేత్తో అంట్లు తెచ్చి నాటినవి. ఈ ఏడే మొదటి పిందె పట్టాయి.

చెయ్యి కిందికి దిగింది. పార తీసుకుని నడిచాడు. నేను వెనకాలే పోయాను.

"ఏం జేస్తాండావు?"

"ఆ పెట్టె నిజమే చెప్పినాది. నీళ్లు అందరికీ చాలవంట," అన్నాడు. కింది వరసల కాలువకు మట్టి ఎత్తి అడ్డం వేశాడు, కాలితో తొక్కి గట్టి చేశాడు. ఒక్కసారి కూడా ఆ చెట్ల వైపు తలెత్తలేదు.