చివరి ఫ్లాన్ ముక్క

దుప్పటి నాలుగో మడత పడకముందే బెర్తీల్ ఇస్త్రీ యంత్రాన్ని ఆపేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తున్న మనిషి. సగంలో పని వదిలేసి పోవడం ఇదే మొదటిసారి. ఇంటినుంచి నర్సు ఫోన్ చేసింది: "మీ అన్నయ్య ఫ్లాన్ కావాలంటున్నారు."

గొంతులో పుండు ముదిరిన ఆన్సెల్మ్ నాలుగు రోజులుగా నీళ్లు తప్ప ఏమీ మింగలేదు. గుడ్లూ పాలూ చక్కెరా కలిపి వండే ఆ మెత్తటి తీపి అడిగాడంటే, ఇంకా బతకాలని ఉందన్నమాట. బెర్తీల్ అలాగే అర్థం చేసుకుంది. మరోలా అర్థం చేసుకునే ధైర్యం ఆమెకు లేదు.

లువార్ నది ఒడ్డున శనివారం సంత ఒంటిగంటకు ఎత్తేస్తారు. అప్పటికే పన్నెండు దాటింది. పైగా వాన. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో ఆమె పరుగెత్తింది. చేపలవాడు మంచుగడ్డలు కాలువలో గుమ్మరిస్తున్నాడు. వివెట్ రొట్టెల బల్ల ముందు ఇంకా నలుగురున్నారు. పొడవాటి బాగెట్ రొట్టెలు అయిపోయాయి. బుట్టలో రెండు తీపి బ్రియోష్ బన్నులూ, నలిగిన క్రువాసాన్లూ మిగిలాయి. అద్దం వెనక ఒకే ఒక్క ఫ్లాన్ ముక్క, అంచు మాడింది.

బెర్తీల్ వరసలో చివర నిలబడింది. ఆమెకు అదే అలవాటు. షిఫ్టులు పంచినప్పుడు ఎవరికీ అక్కర్లేనిది తీసుకునేది. పెళ్లిమాట వచ్చినప్పుడు, అన్నయ్య ఒంటరివాడవుతాడని వద్దనుకుంది. ముందున్న నలుగురిలో ముగ్గురు కొనుక్కుని వెళ్లారు. ముక్క అలాగే ఉంది. ఇక మిగిలింది బొచ్చు కాలరు కోటావిడ ఒక్కతే.

"ఆ ఫ్లాన్ కట్టెయ్, వివెట్."

"వద్దు!"

ఆ కేక తనదేనని బెర్తీల్‌కు క్షణంపాటు తెలియలేదు. చెయ్యి చాచి, వివెట్ కాగితంలో చుడుతున్న పొట్లాం పట్టేసుకుంది.

"ఇదెక్కడి చోద్యమమ్మా! ఇంతసేపూ నిలబడ్డ నేను గుంజలా కనిపిస్తున్నానా?" అంది కోటావిడ.

"నీకూ తీపి మీద మనసు పోయిందే, బెర్తీల్!" అని నవ్వబోయిన వివెట్, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"మా అన్నయ్యకండీ. గొంతులోంచి ఏదీ దిగట్లేదు. నాలుగు రోజులైంది... ఇది అడిగాడు. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇచ్చెయ్యండి."

ఇస్త్రీ వాతలు తేలిన చేతుల్లో కాగితం చిరిగింది. కోటావిడ ఆ చేతుల వంక చూసింది. "తీసుకెళ్లు," అని గొణిగి, మరేమీ కొనకుండా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, నర్సును పంపేసి, ఆన్సెల్మ్‌ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, చెవిలో వినికిడి మిషను సర్దింది. మొదటి చెంచా చాలాసేపు నాలుక మీదే ఉండిపోయింది. తర్వాత గొంతు కదిలింది. రెండోదీ దిగింది.

"వెనీలా వెయ్యడానికి చేతులు రాలేదు వివెట్‌కి," అన్నాడు గాలిలాంటి గొంతుతో.

"వచ్చే శనివారం దెబ్బలాడతాలే, అన్నయ్యా."

"నువ్వా? దెబ్బలాటా?" కళ్లతోనే నవ్వాడు. "పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధాలు. ఇంకో చెంచా తెచ్చుకో. నువ్వు తింటేనే నేను తింటా."

వంటింట్లో చెంచా వెతికి కడిగింది. తిరిగొచ్చేసరికి ఆన్సెల్మ్ తల గోడవైపు వాలిపోయి ఉంది. పెదవి చివర పసుప్పచ్చటి తీపి అంటుకుని ఉంది.

"అన్నయ్యా!" అంది. గట్టిగా, ఇంకా గట్టిగా పిలిచింది. పక్కింటివాళ్లు గోడ తట్టారు. ఆమె అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది; ఊపిరి తగల్లేదు. మంచం అంచున కూర్చుని అతని పెదవి తుడిచింది.

చెవినుంచి దిండు గుంటలోకి జారిపడ్డ వినికిడి మిషను సన్నగా ఈల వేస్తూనే ఉంది.