కట్ లేని పదిహేను నిమిషాలు

పెళ్ళయి రెండు నెలలైనా నిండలేదు, జాయ్స్‌కు అప్పుడే అపార్ట్‌మెంటు మొత్తం మీద కోపం వచ్చింది.

న్యూజిలాండ్‌లో ఒక ప్లేస్కూలు ఆమెకు టీచరు ఉద్యోగం ఇస్తామంది. ఇంటర్వ్యూ అయింది, సర్టిఫికెట్లు చూశారు. ఇక ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది. చిన్నపిల్లలు వాళ్ళకు తోచిన ఆట ఆడుకుంటుంటే టీచరుగా ఆమె ఏం చేస్తుందో పదిహేను నిమిషాలు వీడియో తీసి పంపాలి. మధ్యలో కట్ చేయకూడదు. తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. గడువు ఈ ఆదివారమే. ఆమె ఇప్పుడు పనిచేసే బడిలో ఫోను బయటికి తీయనివ్వరు. అందుకని నల్లగండ్లలో తాము ఉంటున్న అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌కు పిల్లల్ని పిలిచింది.

‘ఇంట్లో ఎలా ఉంటే అలాగే పంపండి’ అని గ్రూపులో మెసేజి పెట్టింది కూడా. ఎవరు విన్నారు గనక! మూడో అంతస్తు హరిత తన కూతురు హర్షిణికి స్కూలు ఫంక్షన్‌లో వేసిన సీతాకోకచిలుక రెక్కలు తగిలించి తెచ్చింది. నీలమ్మ మనవడు చిన్ను మొహం నిండా పౌడరే. జాయ్స్ అత్తగారు రాహేలు కొత్త దుప్పటి పరిచి, మధ్యలో ప్లాస్టిక్ పూలకుండీ పెట్టేసింది.

“పరాయి దేశంవాళ్ళు చూస్తారు కదమ్మా, బోసిగా ఉంటే ఏం బావుంటుంది?”

ఫిలిప్ ఫోను స్టాండుకు బిగించి, “రెడీనా టీచరు గారూ?” అని కన్నుకొట్టాడు. అంత చిరాకులోనూ జాయ్స్‌కు నవ్వొచ్చింది. మొగుడు కన్నుకొట్టడం ఇంకా కొత్తగానే ఉంది మరి.

ఫోను ఆన్ కాగానే పిల్లలంతా వరసగా నిలబడి “గుడ్ ఈవెనింగ్ టీచర్” అని సాగదీశారు. హర్షిణి తల్లివైపు చూసింది. “మమ్మీ, ఇప్పుడు రైమ్ చెప్పాలా?”

“చెప్పు బంగారం, యాక్షన్‌తో చెప్పు.”

“అక్కా, రైమ్ వద్దు. ఊరికే ఆడుకోనివ్వండి.”

“ఊరికే ఆడుకోవడానికి టీచరెందుకు జాయ్స్? మన పిల్లలకి ఎంతొచ్చో వాళ్ళకెలా తెలుస్తుంది?”

“గదే నేనంటున్న,” అంది నీలమ్మ. “మావోడు నూరుదాంక లెక్కవెడ్తడు బిడ్డా. పెట్టురా చిన్నూ!”

చిన్ను పెట్టాడు. ముప్పైతొమ్మిది తర్వాత మళ్ళీ ముప్పైకొచ్చాడు. నీలమ్మ మళ్ళీ మొదట్నించి పెట్టమంది.

జాయ్స్ దండం పెట్టి పెద్దవాళ్ళందరినీ బయటికి పంపి, తలుపు వేసి ఫిలిప్ చేత మళ్ళీ వీడియో తీయించింది. అయ్యాక ఫిలిప్ వేసి చూసి గడ్డం గోక్కున్నాడు.

“ఏంటి? చెప్పండి.”

“ఇందులో నువ్వొక్కదానివే మాట్లాడుతున్నావ్.”

నిజమే. ఇదేం రంగు? అవెన్ని? ఏది పెద్దది? తను అడగడం, పిల్లలు కోరస్‌గా అరవడం. అవతల నిలబడ్డ హరితకూ తనకూ తేడా ఏముంది? జాయ్స్‌కు ఒళ్ళు మండింది. తన మీద మండటం కష్టం కనుక కాసేపు ఫిలిప్ మీద మండింది.

మూడోసారి మాట బయటికి రాకుండా చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. పిల్లలు ఆమె మొహంలోకి చూశారు. గోళ్ళు కొరికారు. ఆవలించారు. ఇక తన పని అయిపోయిందనే అనుకుంది. అప్పుడు చిన్ను లేచి రెండు కుర్చీలు గేటులా అడ్డంగా లాగి, మూడోదాంట్లో వాచ్‌మన్‌లా కూర్చున్నాడు.

“ఏయ్, ఆగు! ఏ ఫ్లాటు?”

హర్షిణి రెక్కలు ఊడదీసి, మడిచి డెలివరీ బ్యాగులా వీపుకు తగిలించుకుంది. “బిర్యానీ సార్.”

“ఫోన్ చెయ్.”

“ఎత్తుతలేరు సార్. వాన పడ్తుంది. జర లోపల నిలబడనా?”

చిన్ను ఆలోచించి తన కుర్చీ ఇచ్చాడు. మిగతా పిల్లలూ గేటు ముందు వరస కట్టారు. జాయ్స్ వెళ్ళి చివర నిలబడింది.

“ఏ ఫ్లాటు?”

“తెలీదు సార్.”

“అయితే ఆడనే ఉండు.”

ఉండిపోయింది, టైము అయిపోయేదాకా.

కిటికీలోంచి చూసిన హరిత విసురుగా లోపలికొచ్చింది. “ఇది పంపొద్దు జాయ్స్. మా పాప ఏంటి, ఆ మాటలేంటి? రైమ్ చెప్పింది పంపు, నేనొప్పుకుంటా.”

రైమ్ వీడియో పంపితే ఉద్యోగం రాదు. హరిత కాదంటే ఇది పంపే వీల్లేదు. జాయ్స్ స్టాండులోంచి ఫోను తీసి హరిత చేతికిచ్చింది.

“మీరు వద్దంటే పంపనక్కా. ఒక్కసారి చూడండి, చాలు.”

హరిత మొహం గంటు పెట్టుకుని చూసింది. ‘జర లోపల నిలబడనా’ దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసింది.

“నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు,” అంది నెమ్మదిగా. “ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా ముందు నా మొహమే చూస్తుంది.”



“ముందు నాకు పంపు,” అంది హరిత ఫోను తిరిగిస్తూ. “తర్వాత వాళ్ళకి.”

రాహేలు కోడలి భుజం మీంచి తొంగిచూసి, “ఇందులో నువ్వు నిలబడే ఉన్నావు కదమ్మా, ఉద్యోగం ఎవరిస్తారు?” అని నిట్టూర్చింది.

“ఏమో అత్తయ్యా,” అంటూ జాయ్స్ పంపేసింది.