రొట్టె ఇవ్వని ఆదివారం

ఇన్‌స్పెక్టరు పాస్టరుగారికి స్వయానా బావమరిది. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే, అంటే పాస్టరుగారి భార్యే, పెంచి పెద్దచేసింది. ఆరాధనలో ముందు బెంచీ ఎప్పుడూ అతనిదే.

ఆ వారం గడియారాలు బాగుచేసే మేస్త్రీ భార్య పాస్టరుగారి గుమ్మం ఎక్కింది. ఆవిడ ఈ సంఘం మనిషి కాదు. బజారులో బాంబు పేలిన దగ్గర్నుంచీ భర్తను స్టేషన్లోనే ఉంచేశారనీ, కోర్టుకు తీసుకెళ్లలేదనీ, వెనక గదిలో చేతులు కట్టి వేలాడదీస్తున్నారనీ, అతని కేకలు వీధిలోకి వినబడుతున్నాయనీ చెప్పింది.

"మీ మాటైతే వింటాడని వచ్చానండి," అంది.

పాస్టరుగారు అప్పటికప్పుడే స్టేషన్‌కు వెళ్లారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"బాంబులో దొరికిన గడియారం ఆయన కొట్టుదే బావా. ఎవరు కొన్నారంటే గుర్తులేదంటాడు."

"నిజంగానే గుర్తులేదేమో."

"నాలుగు తగిలితే అదే గుర్తొస్తుంది. కొత్త చట్టం వచ్చింది, జడ్జికి చూపించకుండా ఎన్నాళ్లయినా ఉంచొచ్చు. అంతా పద్ధతి ప్రకారమే."

"మన ప్రభువునీ పట్టుకెళ్లి కొట్టినవాళ్లు అదే మాట అన్నారు."

ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. "ప్రసంగం ఆదివారానికి దాచుకో బావా. ఇంకోటి పేలి పిల్లలు పోతే ఆ తల్లులకు నువ్వు జవాబు చెప్తావా?"

"బజారులో పోయిన మనవాళ్లను సమాధి చేసింది నేనే. వాళ్ల ఇళ్లకు ఇప్పటికీ వెళ్తున్నాను. ఆయన తప్పు చేశాడంటావా, జడ్జి ముందు నిలబెట్టు. తెలుసేమోనని మనిషిని వేలాడదీసే హక్కు చట్టం నీకిచ్చినా దేవుడు ఇవ్వలేదు."

టీ ముట్టకుండానే లేచి వచ్చేశారు.

మర్నాడు అక్క వెళ్లి అడిగింది. "నా ఉద్యోగం జోలికి రాకక్కా," అన్నాడు తలెత్తకుండా. అప్పుడు పాస్టరుగారు కబురు పంపారు: ఆ మనిషి కోర్టు మెట్లెక్కేదాకా నువ్వు రొట్టె తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు.

అయినా ఆదివారం అతను వచ్చాడు. బావ నలుగురిలో అంత పని చెయ్యడనుకున్నాడు. అందరితోపాటు మోకరించి చేయి చాచాడు. పాస్టరుగారు రొట్టె పళ్లెంతో అతని ముందు ఆగారు.

"నీ స్టేషన్లో ఒక మనిషి కట్లలో ఉన్నాడు. ఆయనకు చేసింది ప్రభువుకు చేసినట్టే. ముందు ఆ కట్లు విప్పి రా," అని పక్కకు జరిగారు.

ఆ పక్కనున్నది అక్క. ఆవిడ కూడా చేయి చాచలేదు. "మావాడు తీసుకున్న రోజే నేనూ తీసుకుంటాను," అంది నెమ్మదిగా. ఇన్‌స్పెక్టరు ముఖం కందగడ్డయింది. లేచి బయటికి నడిచాడు.

ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. మేస్త్రీ భార్యను ముందు పెట్టుకుని, ఇస్త్రీ బట్టల్లోనే వెళ్లి స్టేషన్ గేటు ముందు చతికిలబడ్డారు. కర్ర ఊతంతో నడిచే ముసలివాళ్లు కూడా కూర్చున్నారు. కానిస్టేబుల్ ఒకడు వచ్చి, "అందర్నీ లోపలేస్తామండి," అన్నాడు.

"వెయ్యండి బాబూ," అన్నారు పాస్టరుగారు. "జడ్జికి చూపించకుండా ఇంతమందిని ఎక్కడ దాస్తారో మేమూ చూస్తాం."

కానిస్టేబుల్‌కు నవ్వొచ్చి ముఖం తిప్పుకున్నాడు. పత్రికలవాళ్లు వచ్చారు. పైనుంచి ఫోన్లు మోగాయి. పొద్దున్నకల్లా మేస్త్రీని కోర్టుకు తీసుకెళ్లక తప్పలేదు. వాచిపోయిన అతని మణికట్లు చూసి జడ్జిగారు ముందు ఆసుపత్రికి పంపారు, తర్వాత గడియారం అమ్మడం తప్ప ఏ ఆధారమూ లేదని విడిచిపెట్టారు. ఇన్‌స్పెక్టరును ఆ స్టేషన్ నుంచి తప్పించి విచారణ వేశారు.

కొన్నాళ్లకు అతను అక్క ఇంటికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"ఇప్పుడైనా రొట్టె ఇస్తావా బావా?"

"ముందు మేస్త్రీ ఇంటికి వెళ్లు."

"తలుపు తియ్యడు."

"తియ్యకపోవచ్చు. అది ఆయనిష్టం. వెళ్లడం మాత్రం నీ వంతు."

లోపల్నుంచి అక్క చెప్పులేసుకుని వచ్చింది.

"పదరా, నేనూ వస్తున్నాను. మాట్లాడేది మాత్రం నువ్వే."