నల్లమెట్టు

ఫాల్గుణమాసమున ఒకనాటి నాలుగవజామున వేమూరు మాగాణులలో మినుము పీకిన కూలీలు కట్టలను కళ్లములకు చేరవేయుచుండగా పడమటికి వ్రాలిన సూర్యుని వెలుగు కాలువగట్టు దిగి వీధి దాటి అనంతాచారి ఇంటి అరుగునకు ప్రాకి అచ్చట దుప్పటి కప్పియున్న హార్మోనియము నొద్ద ఆగెను. ముప్పది యేండ్లుగా ఆ వేళకు ఆ దుప్పటి తొలగుచుండెడిది. ఏడాదిగా అది తొలగిన దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

అనంతాచారి పద్యనాటకములకు హార్మోనియము వాయించువాడు. గురవయ్య తాపీపని చేయుచు ఆ నాటకములలో రాజు వేషము కట్టువాడు. గురవయ్య ఇరువదియేండ్ల వయసున ఉండగా ఆచారి అతనిని చేరదీసి పద్యములన్నిటిని ఒక్కొక్క పాదముగా నోట చెప్పి నేర్పెను. నాటినుండి గురవయ్య ప్రతిదినము పని ముగించి సిమెంటు అంటిన చేతులు కాలువలో కడుగుకొని ఆ అరుగెక్కుచుండెను. అతడు ఊపిరి పీల్చిన తీరునుబట్టియే రాగమెంతదూరము సాగునో ఆచారి గ్రహించెడివాడు. పద్యాంతమున గాత్రము పైషడ్జమును అందుకొనబోవు క్షణమున గురవయ్య తల త్రిప్పి ఆచారి ముఖమును చూచును. ఆచారి తల యూచి స్వరమందించును. జనులకు వినబడునది రాగము. ఆచారికి దక్కునది ఆ చూపు. అంతకుమించి అతడెన్నడును కోరియుండలేదు.

కూతురు కొనియిచ్చిన ఫోనులో తంబురా శ్రుతి పలుకునని గురవయ్యకు తెలిసిన దినమునుండి ఈ క్రమము చెడెను. అతడు తన డాబాపై నిలిచి ఆ శ్రుతికి పద్యము పాడి దానిని వీడియోగా ఎక్కించెను. నెల తిరుగకముందే నలువదివేలమంది దానిని చూచిరి. కువైటున కారు నడుపువారును హైదరాబాదున కావలి కాయువారును మాకు ఫలాని పద్యము కావలెనని అడుగుటయు కూతురు చదివి చెప్పగా గురవయ్య మఱునాడే దానిని పాడి పంపుటయు నిత్యకృత్యమయ్యెను. అరుగు వారమునకొకసారి అయ్యెను. పిదప ప్రదర్శనమున్న దినమునకు మాత్రమే పరిమితమయ్యెను. ప్రదర్శనములందును గురవయ్య దృష్టి జనుల చేతులలో లేచిన ఫోనుల వైపే నిలుచుచుండెను. పైషడ్జము నొద్ద అతని తల తిరుగుట మానెను.

ఆచారి తన ఫోనులో ఆ వీడియోలను ఒక్కటియు విడువక చూచుచుండెను. భార్య తులశమ్మ అది గమనించి కూర తరుగుచు ఒకనాడు, "సవతిని చూసినట్టు చూస్తున్నారేమిటండీ దాన్ని? మీ గురవయ్యని మీ దగ్గర్నుంచి లాక్కుపోయిందనా?" అని నవ్వెను. ఆచారి నవ్వలేదు.

ఆ వారముననే చిలకలూరిపేట నాటకపు వీడియో వచ్చెను. అందు గురవయ్య నిలువునా కనబడుచుండగా ఆచారి కుడిచేయి మాత్రము అంచున నాలుగు వ్రేళ్లమేర కనబడుచుండెను. ఆచారి రెండు వ్రేళ్లతో ఆ మూలను పెద్దది చేసికొని తన చేతిని చూచికొనెను. పిదప క్రింద జనులు వ్రాసిన మాటలను చదువ నారంభించెను. ఒక్కరును వాయించినదెవరని అడుగలేదు. ఒకడు మాత్రము, ఆ పెట్టె చప్పుడు తగ్గిస్తే అన్న గొంతు ఇంకా బాగా వినపడేదని వ్రాసెను. ఆ మాటక్రింద గురవయ్య పెట్టిన ఎఱ్ఱని గుండె గుర్తుండెను.

ఆచారి ఆ గుర్తును ఆ పూట పదిమారులు చూచెను. మఱునాడు మఱల చూచెను. గురవయ్యను అడుగవలెనను తలంపు అతనికి రాకపోలేదు. అడిగినచో గురవయ్య అవునను నేమో యను భయము దానిని అణచెను.

పర్చూరులో నాటక పరిషత్తు పోటీలు వచ్చెను. దీపములు పెట్టు వేళకు వీరి నాటకము మొదలు. గురవయ్య గాత్రమునకు సరిపడు శ్రుతి నాలుగు. అది హార్మోనియముపై తెల్లమెట్టు. దాని ప్రక్కనున్న నల్లమెట్టు నాలుగున్నర. ఆ అరమెట్టు పైకి జరిపినచో మొదట గాయకునకు తెలియదు. తెలియునది రాగము కొనయందే. నాటకమువారిలో శ్రుతి ఎంతయని హార్మోనియము వానిని అడుగుట అతనిని అవమానించుటగా ఎంచబడును. అందుచేత ముప్పదియేండ్లలో గురవయ్య ఒక్కమారైనను అడిగియుండలేదు. ఆ సాయంకాలమును అడుగలేదు. ఆచారి వ్రేలు నల్లమెట్టుపై నిలిచెను.

మొదటి రెండు పద్యముల కొనలను గురవయ్య ఎట్లో అందుకొనెను. మూడవ పద్యపు కొనయందు వందల ఫోనులు ఎదుట లేచియుండగా గురవయ్య పైషడ్జమునకు ఎగసెను. గాత్రము అందలేదు. మఱల యత్నింపగా పగిలెను. అప్పుడతడు ఏడాదికి మొదటిసారి తల త్రిప్పి ఆచారి ముఖమును చూచెను. ఆ చూపున నిందలేదు. తన వలన మేళమునకు మాట వచ్చెనని క్షమింపుమని వేడుకొనువాని చూపది. ఆచారి తల దించుకొనెను.

మూడవదినమున వెలుగు అరుగు దిగకముందే గురవయ్య వచ్చెను. రెండుదినములుగా అతడు పనికి పోలేదు. గొంతు పోయినదని వైద్యునికి చూపించుకొనగా ఏమియు లేదని వైద్యుడు చెప్పెను. ఈలోగా ఆ పగిలిన రాగపు వీడియో ఊరూర తిరిగెను. గురవయ్య ఫోను తీసి దానిని ఆచారి ఎదుట పెట్టి మూలను పెద్దది చేసెను. శ్రుతి ఇచ్చు వేళ ఆచారి వ్రేలు నల్లమెట్టుపై నుండెను.

"నాలుగున్నర పెట్టారు గదా మాస్టారూ. తాపీవాణ్ణి. అంగుళం తేడా నా కంటికి ఆనదా?"

ఆచారి లోపలికి పోయి తన ఫోను తెచ్చి చిలకలూరిపేట వీడియోను తీసి, "వీడు రాసినదానికి నువ్వు గుండె పెట్టావు గదరా" అని ఆ మాటను పైకి చదివెను.

గురవయ్య వినెను. ఆ అక్షరములను కొంతసేపు చూచెను.

"నాకు చదువొస్తే మీ నోటెంబడి పద్యాలెందుకు నేర్చుకుంటాను మాస్టారూ? అమ్మాయి సాయంత్రం నాలుగు మాటలు చదువుద్ది. మిగిలినవాళ్ళందరికీ గుండె నొక్కేస్తా. ఈలేసిన ప్రతివాడికీ దణ్ణం పెట్టమని చెప్పింది మీరే గదా. వాడెందుకేశాడో చూసి పెడతామా?"

గడపలో నిలిచిన తులశమ్మ చేతిలోని మంచినీళ్ల చెంబును అరుగుపై పెట్టి లోపలికి మరలెను. ఆచారి హార్మోనియముపై దుప్పటిని తొలగించెను. గురవయ్య తన ఫోనును అరుగు స్తంభమునకు ఆనించి తామిరువురును అందు కనబడునట్లు సరిచేసి ఆచారి ప్రక్కన కూర్చుండెను. ఆచారి తిత్తిని కదల్చి శ్రుతి నిచ్చెను. గురవయ్య నోరు తెఱచి ఆగెను.

"ఎంత పెట్టారు మాస్టారూ?"

"నాలుగు" అని ఆచారి చెప్పెను.

గురవయ్య పాడెను. గాత్రములో దోషము లేకుండెను. రాగము పాదము దాటి కాలువగట్టు వఱకు సాగి పైషడ్జమును చేరబోవు క్షణమున అతడు మునుపటివలెనే తల త్రిప్పెను. ఆచారి ఆ చూపుకొఱకు ముఖమెత్తి యుంచెను. గురవయ్య చూపు ఆ ముఖమును దాటి క్రిందికి దిగి తెల్లమెట్టుపైనున్న వ్రేలియందు నిలిచి దానిని సరిచూచికొనిన పిదప రాగము పైకి పోయెను.