ఎవరి కాగితం వారు

సోమవారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు ఒక విమానం నూట డెబ్బై రెండు మంది ప్రయాణికులతో రన్‌వే చివరన గాల్లోకి లేచింది. చివరన అంటే చివరనే. లెక్క ప్రకారం ఇంకా ఎనిమిది వందల మీటర్లు మిగలాలి. రెండు వందలు కూడా మిగల్లేదు. ఆ సంగతి ముందు సీట్లలో కూర్చున్న ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇద్దరిలో ఒకరు కెప్టెన్. యాభై నాలుగేళ్ళు. కొత్త పైలట్లకు పాఠాలు చెప్పే పని కూడా ఆయనదే కాబట్టి కంపెనీలో మాస్టారు అంటారు. రెండో మనిషి కోపైలట్. ముప్పై ఒకటి. ఆయన దగ్గరే నేర్చుకుంది. క్లాసులో చెయ్యి దించేది కాదు కనుక తోటివాళ్ళు ఆమెకు ప్రశ్నపత్రం అని పేరు పెట్టారు. ఆ వచ్చే శనివారం ఆమెకు కెప్టెన్ పరీక్ష.

బయల్దేరే ముందు పైలట్లకు బరువుల కాగితం వస్తుంది. అందులో ఒకదాని కింద ఒకటి రెండు అంకెలుంటాయి. పైది ఇంధనం కలపకుండా విమానం బరువు. కిందిది కలిపిన బరువు. కింది అంకెను ఇద్దరూ ఎవరి టాబ్లెట్‌లో వాళ్ళు కొట్టాలి. ఏ వేగం దగ్గర ముక్కు లేపాలో, ఇంజన్లకు ఎంత శక్తి ఇవ్వాలో టాబ్లెట్ లెక్క కట్టి చెబుతుంది. రెండు టాబ్లెట్లూ ఒకే జవాబు చెబితేనే విమానం కదలాలి. కాగితం చేతులు మారాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు విని కొట్టకూడదు. ఈ నియమాన్ని పదకొండేళ్ళుగా నేర్పుతున్నది మాస్టారే. “పక్కవాడి నోటితో చూడొద్దు, నీ కంటితో చూడు” అని ప్రతి బ్యాచ్‌కీ చెబుతారు. వెనక బెంచీవాళ్ళు ఆయన గొంతుతో ఆ మాట అని నవ్వుకుంటారు.

ఆ రోజు కాగితం ఆలస్యంగా వచ్చింది. వాళ్ళకు కేటాయించిన సమయానికి ఏడు నిమిషాలుంది. అది తప్పితే మళ్ళీ వంతు రావడానికి యాభై నిమిషాలు. ఈలోగా వాళ్ళ డ్యూటీ గంటలు అయిపోతాయి, రాత్రికి ఆ ఊళ్ళోనే హోటల్. తెల్లారి ఎనిమిదింటికి మాస్టారి భార్యకు కంటి ఆపరేషన్. ఆయన డ్యూటీల వల్ల అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

“ఎంత?” అన్నారాయన, కాగితం ఆమె చేతిలో ఉండగానే.

“అరవై ఒకటి పాయింట్ నాలుగు.”

ఆయన కొట్టారు. ఆమె కొట్టింది. జవాబులు కలిశాయి. రెండూ ఒక నోటి నుంచి వచ్చినవే కనుక కలవక తప్పదు. ఆమె చదివింది పై అంకె. అసలు బరువు డెబ్బై మూడు పాయింట్ ఎనిమిది టన్నులు.

టాబ్లెట్ చెప్పిన వేగం దగ్గర ముక్కు లేచింది. చక్రాలు లేవలేదు. మాస్టారు ఒక క్షణం ఆగి, ఇంజన్ లివర్లను చివరిదాకా తోశారు. రన్‌వే అంచున ఉండే ఎర్ర దీపాలు ముక్కు కిందికి వచ్చేశాక చక్రాలు నేలను వదిలాయి. పదివేల అడుగుల దాకా పనికి కావలసిన మాటలే. తర్వాత ఆమె బరువుల కాగితం తీసి ఆయన మోకాలి మీద పెట్టి, కింది అంకె మీద వేలు ఉంచింది.

దిగాక మాస్టారు టార్చి తీసుకుని విమానం తోక కిందికి వెళ్ళారు. మెకానిక్ చూశాడు.

“ఏంటి మాస్టారూ, కొనే బేరమా?”

“తోక నేలకి తగిలిందేమోనని అనుమానం.”

మెకానిక్ నవ్వడం మానేసి తనూ వంగాడు. ఇద్దరూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. వేలితో తడిమి చూశారు. గీత లేదు.

“గీతలు మీ కారుకుంటాయి గానీ మా బండికుండవు. ఇంటికెళ్ళండి,” అన్నాడు మెకానిక్.

సిబ్బంది బస్సులో ఆమె ఆయన పక్క సీట్లో కూర్చుంది.

“సార్, రిపోర్టు రాస్తారా?”

“నాకొదిలెయ్.”

“శనివారం నా...”

“తెలుసమ్మా. నాకొదిలెయ్ అన్నానుగా.”

కంపెనీ నియమం ఇద్దరికీ కంఠస్థమే. తప్పు జరిగిన డెబ్బై రెండు గంటల్లోపు తమంతట తాము రాసి ఇచ్చినవాళ్ళ మీద చర్య ఉండదు. మళ్ళీ శిక్షణ ఉంటుంది, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెడతారు, అంతే. గడువు దాటాక బయటపడితే విచారణ, లైసెన్సు దాకా పోవచ్చు. రిపోర్టు మీద ఎవరు సంతకం పెడితే వాళ్ళకే ఆ రక్షణ. రాయకపోతే బయటపడి తీరుతుందని గ్యారంటీ లేదు. విమానం రికార్డు చేసిన వివరాల్ని ఆఫీసు వాళ్ళు వారానికోసారి కంప్యూటర్లో వేస్తారు. హద్దు దాటినవే ఎర్రగా పడతాయి. ఇది పడొచ్చు, పడకపోవచ్చు.

మంగళవారం ఉదయం ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మాస్టారి భార్య ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది, ఇరవై ఆరేళ్ళుగా మైక్రోస్కోపు ముందే కూర్చుంటుంది. మధ్యాహ్నానికి కంటికి కట్టుతో ఇంటికి వచ్చి సోఫాలో ఒరిగింది. మూడు రకాల చుక్కల మందులు రాశారు. మాస్టారు చీటీ చదివారు, సీసా చదివారు, మళ్ళీ చీటీ చదివారు.

“వెయ్యండీ, మెడ పట్టేస్తోంది,” అంది ఆమె.

“ఉండు.”

“మూడు సీసాలే. విమానం కాదు.”

ఆయన కట్టు పైకి తీసి చుక్క వేశారు. మూత పెట్టాక సీసాను దీపం కిందికి తీసుకెళ్ళి ఇంకోసారి చదివారు.

“ఏమైంది మీకు?”

“ఏమీ లేదు.”

“నాకు మూసుకున్నది ఒక్క కన్నే. రాత్రి మూడుసార్లు లేచి మంచినీళ్ళు తాగారు. గ్యాసు ఆపానా లేదా అని రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళారు. గ్యాసు వెలిగించింది నేను, ఆపింది నేను.”

“నీ ఆపరేషన్ టెన్షన్.”

“ఆపరేషన్ నాకు. టెన్షన్ మీరెందుకు తీసుకున్నారు?” అని ఆమె నవ్వి, ఆయన నవ్వకపోవడం చూసి ఊరుకుంది.

బుధవారం ఆయనకు క్లాసు. విమానం ముందు భాగాన్ని పోలిన యంత్రంలో ఇద్దరు కొత్త పైలట్లు కూర్చున్నారు. ఆయన వెనక సీట్లో ఉండి చేతికి బరువుల కాగితం ఇచ్చారు. ఎడమ సీటు కుర్రాడు చదివాడు. కుడి సీటు కుర్రాడు కాగితం వంక చూడకుండా విని కొట్టేశాడు. మాస్టారు నోరు తెరిచారు. పదకొండేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఇద్దరూ వెనక్కి తిరిగి ఎదురుచూశారు.

“సార్, తిట్టరా?” అన్నాడు కుడి సీటు కుర్రాడు. తను చేసింది అతనికి అప్పుడే తట్టింది.

“కాగితం నీ చేతిలోకి తీసుకో,” అన్నారు మాస్టారు. “మళ్ళీ కొట్టు.”

క్లాసు అయ్యాక ఆయన కారులో కూర్చుని కోపైలట్‌కు ఫోన్ చేశారు. ఆమె గాల్లో ఉంది. మాట్లాడాలి అని మెసేజ్ పెట్టారు. రాత్రి జవాబు వచ్చింది. ‘సార్, పడుకుంటున్నాను. రేపు నాలుగు ఫ్లైట్లు. శుక్రవారం మాట్లాడదామా?’ గడువు గురువారం నాలుగూ నలభైతో సరి. ఆయన ఆ మాట టైపు చేశారు. ఫోన్‌లో రాత ఉండిపోతుందని చెరిపేశారు. మళ్ళీ టైపు చేసి మళ్ళీ చెరిపారు. చివరికి ‘సరే’ అని పంపారు.

గురువారం పొద్దున ఆయన రిపోర్టు రాసుకున్నారు. మూడు పేరాలు. ఆమెకు ఆ రోజున్న నాలుగు ఫ్లైట్లలో చివరిది మూడూ నలభైకి దిగాలి. మూడున్నరకే వెళ్ళి సిబ్బంది బయటికి వచ్చే తలుపు దగ్గర నిలబడ్డారు. సెలవురోజున యూనిఫాం లేకుండా కనబడ్డ ఆయన్ని కాపలాదారు రెండుసార్లు కార్డు అడిగాడు. విమానం పన్నెండు నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఆమె పెట్టె లాక్కుంటూ బయటికి వచ్చేసరికి నాలుగూ ఇరవై రెండు.

“సార్? ఆంటీకి బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఇలా కూర్చో. రిపోర్టు ఇస్తున్నాను. నలభైకి గడువు.”

ఆమె కూర్చోలేదు.

“ఇవ్వరనుకున్నాను.”

“నేనూ అలాగే అనుకున్నాను.”

“నాకొదిలెయ్ అన్నారు. వదిలేశాను. మూడు రోజులు మీ చేతుల్లో ఉంది. రన్‌వే అంతా వాడేసి ఇప్పుడు పిలుస్తారా సార్ నన్ను?”

దాటి వెళ్తున్న ఎయిర్ హోస్టెస్‌లిద్దరు అటు చూసి నడక పెంచారు.

“శనివారం పరీక్ష పోతుంది,” అంది ఆమె, గొంతు తగ్గించి.

“పోతుంది.”

“మళ్ళీ ఎప్పుడిస్తారు?”

“తెలీదు. ఏడాది పట్టొచ్చు.”

“సంతకం పెట్టనంటే?”

“నేనైతే పంపేస్తాను. అప్పుడు నాకు రక్షణ ఉంటుంది, నీకుండదు. అందుకే వచ్చాను.”

“అంటే అడగట్లేదు. చెప్తున్నారు.”

“అవును.”

ఆమె బెంచీ మీద కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగూ ఇరవై ఎనిమిది.

“టైము లేదు,” అని మాస్టారు టాబ్లెట్ తెరిచారు. “నేను చదువుతాను, నువ్వు విను. సోమవారం సాయంత్రం, బయల్దేరే ముందు...”

“ఆపండి సార్.” ఆమె చెయ్యి చాపింది. “ఇటివ్వండి. నేనే చూసుకుంటాను.”

ఆయన ఇచ్చారు. ఆమె మొదటి పేరా చదివింది. రెండోది చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. మాస్టారు గోడ గడియారం వైపు చూశారు.

“ఇదేంటి? ‘బరువు నమోదులో పొరపాటు జరిగింది’ అని రాశారు. ఎవరు చేశారు?”

“అవసరమా?”

“పై అంకె చదివింది నేను. రాయండి. నేను చేసిన తప్పుకు నన్ను వదిలేసి మీరు గొప్పవారవ్వొద్దు.”

ఆయన రాశారు. ఆమె టాబ్లెట్ మళ్ళీ తీసుకుంది. నాలుగూ ముప్పై రెండు.

“మీరు కాగితం చూడలేదని ఉంది. ఎందుకు చూడలేదో లేదు.”

“టైము దాటిపోతోందని రాశాగా.”

“ప్రతి రోజూ దాటిపోతుంది సార్. మీరు ఎప్పుడూ కాగితం అడగకుండా లేరు. ఆ రోజే ఎందుకు?”

ఆమె టాబ్లెట్‌ను తిప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక వాక్యం టైపు చేశారు. భార్య ఆపరేషన్ ఉందనీ, రాత్రికి ఇల్లు చేరాలని తొందరపడ్డాననీ రాశారు. రాసింది చూసుకుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇంట్లో చెప్పారా?”

“లేదు.”

“ఆఫీసు వాళ్ళు చదివేలోగా చెప్పండి.”

ఆమె మొత్తం ఇంకోసారి చదివింది. తన రహస్య సంఖ్య కొట్టి సంతకం పెట్టింది. ఆయన కొట్టారు. రిపోర్టు వెళ్ళేసరికి నాలుగూ ముప్పై ఆరు.

ఇద్దరూ లేవలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి ఇంజన్ల చప్పుడు వచ్చి ఆగిపోతోంది. ఆయన ఏదో అనబోయారు.

“వద్దు సార్. ఇవాళ మీతో మాట్లాడలేను.”

ఐదు కావస్తుండగా రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. డ్యూటీల విభాగం నుంచి మెసేజ్, మళ్ళీ చెప్పేదాకా డ్యూటీలు లేవని. ఆమె ఫోన్ ఆమె చూసుకుంది. ఆయన ఫోన్ ఆయన చూసుకున్నారు. ఆమె టోపీ పెట్టెలో పెట్టుకుని, శనివారం కోసం వారం రోజులుగా మోస్తున్న లావుపాటి పుస్తకాన్ని దాని మీద సర్ది, జిప్పు వేసి బస్సు వైపు నడిచింది.

మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు.

“ఎక్కడున్నారండీ? ఐదింటి చుక్కలు,” అంది భార్య.

“వస్తున్నా. వేసేముందు నీకో మాట చెప్పాలి.”

“సోమవారం సంగతేనా?” అంది ఆమె.